ఇరవై ఒక్కమందికి ఇరవై రెండు ఓట్లు

పది దినాలసంది అందరు అడుగుతనే ఉన్నరు, "ఏంది యాదగిరీ, రెండు చేతులకు రెండు పట్టీలేంది?" అని. ఒక్కొక్కరికి చెప్పుకుంట పోతే ఆఫీసు పని ఆగుతది. క్యాంటీన్ల అందరు ఉన్నరు గాబట్టి ఒక్కసారే చెప్తా, వినుండ్రి. ఛాయ చెప్పుండ్రి ముందు. సాసర్ల పోసి ఇయ్యుమనుండ్రి, కప్పు చెవి పట్టుకోనీకి నాకు వేలు లేదు.

ఒక్కటి ముందుగాల్నే చెప్తున్న. నేను దొంగను గాదు. దొంగలను పట్టనీకి ఇంతెజాం చేసిన. అండ్ల నేను పట్టుబడ్డ. గంతే.

మా తార్నాకల ఒక ఆటల సంఘం ఉన్నది. ఆటలంటే క్రికెట్టు, కబడ్డీ గాదు, కూసోని ఆడేటివి. అనసూయ టీచరమ్మ ఇంటి వరండల ఆదివారం ఆదివారం కలుస్తం. టీచరమ్మ జిందగీ అంత పిల్లలకు లెక్కలు చెప్పి రిటైరైంది. సంఘానికి ప్రెసిడెంటు ఆమెనే. మెంబర్లం మొత్తం ఇరవై ఒక్కమందిమి. క్యాంపస్ హాస్టల్ల ఉండే రీసెర్చి స్టూడెంట్లు, విద్యానగర్ నుంచి లెక్చరర్లు, బౌద్ధనగర్ నుంచి రైల్వే వాళ్లు, నేను, మా ఆమె అండాలు. మా సంఘంల ఒక కట్టుబాటు ఉన్నది. దుకాణంల కొన్న ఆట ఎవ్వరు తేవొద్దు. అట్ట ముక్కలు, గవ్వలు, చొక్కా గుండీలు, ఏదన్న పెట్టి ఎవరి ఆట వాళ్లే కొత్తగ తయారుజెయ్యాలె. ఏడాదికోపారి ఓటింగ్. ఏ ఆట గెలిస్తే ఆ ఆట చేసినోనికి ఇత్తడి కప్పు. కప్పు మీద పేరు చెక్కిస్తరు.

పోయినేడు ఆ పేరు ప్రసాదరావుది.

ప్రసాదరావంటే మన క్యాంపస్ల కెమిస్ట్రీ ల్యాబ్ల పనిజేస్తడు, మీకు కొందరికి ఎర్కే. తెనాలి దిక్కు మనిషి. మా ఇంటి వెనక గల్లీలనే ఉంటడు. ఎవరికన్న జరమొస్తే మాత్రలు తెచ్చిస్తడు, వానకాలంల పక్కింటోళ్ల కప్పు ఎక్కి పెంకులు సర్దుతడు. ఇంత మంచోడు ఎందుకుంటడు అని నాకు మొదటిసంది షక్, గదే అనుమానం.

పోయినేడు చేతులెత్తుడే ఓటింగ్. ఓటింగ్‌కు పది నిమిషాల ముందు ప్రసాదరావు భార్య అందరికి పులిహోర పంచింది. నోట్ల ఒకల పులిహోర పెట్టుకోని ఇంకొకల ఆటకు చెయ్యెత్తుతరా ఎవరన్న? నా ఆటకు ముగ్గురు ఎత్తిన్రు. అండ్ల ఒకడు ఇంకింత పులిహోర కావాలని ఎత్తిండని తర్వాత తెలిసింది.

నేను ఊకుంటనా? ఇంటికొచ్చి టీచరమ్మకు మూడు పేజీల ఉత్తరం టైపు కొట్టిన. ఓటింగ్‌ల ఇన్సాఫ్ లేదు, న్యాయం లేదు, రహస్యం లేదు, తినే పదార్థాల ప్రభావం ఉన్నది, వచ్చే ఏడు పక్కా ఎలక్షన్ పెట్టాలె అని. టీచరమ్మ ఉత్తరం మొత్తం చదివి, ఎర్ర పెన్సిలుతోని రెండు తప్పులు దిద్ది నాకు తిరిగి ఇచ్చింది.

"బాగానే రాసినవ్ గని, గంత పక్కా ఎలక్షన్ ఎవరు పెడ్తరు యాదగిరీ?" అన్నది.

"ఎవరన్న నమ్మకస్తుడు ఉండాలె టీచరమ్మా."

"అయితే నువ్వే పెట్టు."

"నా ఆట గూడ పోటీల ఉంటది గదా?"

"ఉంటే ఏంది? ఎవరికి షక్ ఎక్కువనో వాళ్లకే తాళం ఇయ్యాలె. గప్పుడు మనం నిమ్మలంగ ఉండొచ్చు."

అట్ల నేను ఎన్నికల అధికారినైన.

మీరు ఎట్లనుకుంటరో గని, నాకు అది పెద్ద బాధ్యత. నా ఆట పోటీల ఉన్నది గాబట్టి నామీద ఎవ్వరు వేలెత్తి చూపెట్టొద్దు. రాత్రనక పగలనక రూల్స్ తయారుజేసిన. పద్నాలుగు రూల్స్. కార్బన్ పెట్టి ఇరవై ఒక్క కాపీలు కొట్టిన. ఓటు చీటీ మీద పేరు రాయొద్దు, ఆట పేరే రాయాలె. చీటీ నాలుగు మడతలు పెట్టాలె. ఓటింగ్ రోజు వంటింట్ల పొయ్యి వెలిగియ్యొద్దు. ఓట్లు ఒక వారం డబ్బలనే ఉండాలె, ఈ వారంల ఎవరికన్న అభ్యంతరం ఉంటే రాసి ఇయ్యాలె. ఆరో రూల్ నాకు బాగ నచ్చింది: 'వివాదము తలెత్తినచో సభ్యులందరి వేళ్లను తనిఖీ చేయవలెను.'

వేళ్లెందుకంటరా? గవర్నమెంటు ఎలక్షన్లల్ల వేలుకు సిరా పెడ్తలేరా? గట్లనే. ఒక్కడు రెండుసార్లు ఓటెయ్యకుండ. గని ఆ సిరా మనకు యాడ దొరుకుతది? పెన్నుల పోసే సిరా అయితే ఉమ్మేసి తుడిస్తె పోతది. ప్రసాదరావు ల్యాబ్ల ఏదో ఒక మందు ఉంటది గని, పోటీల ఉన్నోని తాన అడుగుతనా? శానసేపు ఆలోచన చేసి మా గల్లీ ధోబి నర్సయ్య తానికి పోయిన.

"నర్సయ్యా, బట్టలకు గుర్తు పెడ్తవ్ గదా, దేనితోని?"

"నల్లజీడి సార్. గింజను సూదితోని పొడిస్తె రసం కారుతది."

"ఉతికితే పోతదా?"

"బట్టనన్న పోతది గని గుర్తు పోదు సార్."

"గదే కావాలె. దోసెడు గింజలు ఇయ్యి."

"ఏ బట్టలకు సార్?"

"బట్టలకు గాదు, మనుషులకు."

నర్సయ్య ఇస్త్రీ పక్కకు పెట్టి నా దిక్కు చూసిండు. "ఎంతమందికి సార్?" అని మెల్లగ అడిగిండు. ఇరవై ఒక్కమందికి అన్న. ఇంకేం మాట్లాడకుండ గింజలు పొట్లం కట్టి ఇచ్చిండు. చదువుకున్నోడంటే ఎంత గౌరవమో అనుకున్న.

డబ్బ సంగతి గూడ ఖరాబు కానియ్యలె. ముషీరాబాద్ పోయి, రేకుల పని చేసేటాయనతోని పెద్ద బిస్కెట్ల డబ్బకు మీద సన్న సందు కొట్టిచ్చిన, మూతకు రెండు తాళాలు పెట్టిచ్చిన. ఒక తాళంచెయ్యి టీచరమ్మకు, రెండోది ప్రసాదరావుకు. నాకు ఏది వద్దు. మూత చుట్టు లక్క కరగబోసి సీలు. ఆ రేకులాయన "బంగారం పెడ్తున్నవా సాబ్?" అని అడిగిండు. ఓట్లు అని చెప్తే, చేసే పని ఆపి ఇంకో రెండు మొలలు కొట్టిండు.

ఓటింగ్ ఆదివారం వచ్చింది. ఈసారి పోటీల మూడు ఆటలున్నయి. ప్రసాదరావుది రైలు ఆట. సికింద్రాబాద్ నుంచి బెజవాడ దాక అట్ట మీద పట్టాలు గీసి, స్టేషన్లు రాసి, గవ్వలేసుకుంట ముందుగాల ఎవరు చేరితే వాళ్లు గెలిసినట్టు. హాస్టల్ల ఉండే హమీద్ అని లెక్కల రీసెర్చి చేస్తడు, ఆయనది గుండీల ఆట. నాది ఫైలు ఆట. మన ఆఫీసు చూసే తయారుచేసిన. వంద గడులు. ఫైలు ఒక టేబుల్ నుంచి ఇంకో టేబుల్‌కు పోవాలె. 'పెద్దసారు లీవుల ఉన్నడు, మూడు సార్లు ఆగు.' 'సంతకం తప్పు, మొదటికి పో.' అట్లుంటది. అసలు ఆఫీసుల ఎట్లుంటదో ఆటల గూడ బరాబర్ అట్లనే ఉంటది. ఎంత బరాబర్ అంటే, ఇప్పటిదాక ఆ ఆట ఎవ్వరు ఖతం చెయ్యలె.

అందరి ముంగట డబ్బ తిరగేసి చూపెట్టిన. ఖాళీ. తాళాలు ఏసిన, తాళంచేతులు ఇచ్చేసిన, మైనపొత్తి మీద లక్క కరగవెట్టి సీలు ఏసిన. ఓటింగ్ పదకొండింటికి. అప్పటిదాక అందరు వెనక చెట్టు కింద కూసోని ముచ్చట్లు పెట్టిన్రు. డబ్బకు కాపలా నేనొక్కన్నే ఉన్న.

గాడనే కథ బిగిసింది.

ఊకె కూసుంటే మనిషికి అనుమానాలొస్తయి. ముందు జీడిరసం సరిగ పడుతదా లేదా అని అనుమానమొచ్చింది. గింజను పొడిచి నా కుడిచెయ్యి చూపుడువేలుకు పెట్టుకున్న. మంచిగ నల్లగ పడ్డది. మల్ల ఇంకో అనుమానం. చీటీ నాలుగు మడతలు పెడ్తే డబ్బ సందుల పడుతదా? ఇప్పుడే చూసుకోవాలె గదా! ఒక చీటీ తీసిన. వట్టి చీటీ మడత పెడ్తే ఏం టెస్టింగ్ అయితది, రాసిన చీటీ అయితేనే సిరా అంటుకుంటదా లేదా తెలుస్తది. ఏదో ఒకటి రాయాలె. మనసుల మొదలు ఏది తోస్తే అది రాసిన. 'ఫైలు ఆట.'

నాలుగు మడతలు పెట్టి సందుల సగం దాక తోసిన. మంచిగనే పోయింది. ఇగ గుంజుదామంటే వేలుకు జీడిరసం ఉన్నది గదా, జారింది. లోపల టప్‌మన్నది.

నేను డబ్బ దిక్కు చూసిన. డబ్బ నా దిక్కు చూసింది. డబ్బను తిరగేసి ఊపిన. ముషీరాబాద్ పని, మామూలు పని గాదు, చీటీ చెక్కు చెదరలె. తీయాలంటే సీలు పగలగొట్టాలె. రెండు తాళంచేతులు కావాలె. ఒకటి ప్రసాదరావును అడగాలె. "ఓటింగ్ షురూ గాకముందే డబ్బల నా ఆటకు ఒక ఓటు పడ్డది, జర తాళం తియ్యి" అని ఏ మొకం పెట్టుకోని అడగాలె చెప్పుండ్రి!

లెక్కపెట్టే రోజు నిమ్మలంగ చెప్తా అనుకున్న. ఒక్క చీటీయే గదా.

పదకొండింటికి క్యూ కట్టిచ్చిన. మొదలు టీచరమ్మ వచ్చింది. ఎడమచెయ్యి చూపుడువేలు మీద గింజ ఒత్తిన. రెండోది అండాలు. మూడో మనిషి ప్రసాదరావు. చెయ్యి చాపబోయి గింజను చూసి ఆగిండు.

"యాదగిరిగారూ, అది నల్లజీడి కాదు కదండీ?"

"ఎన్నికల అధికారితోని ముచ్చట పెట్టొద్దు. తొమ్మిదో రూల్."

"అది కాదండీ, ఆ రసం చర్మానికి..."

"అభ్యంతరముంటే రాసి ఇయ్యుండ్రి. వారం టైమున్నది."

"వారం దాకా అక్కర్లేదండీ, ఎల్లుండికే..."

నాకు అర్థమైపోయింది. వేలుకు గుర్తు లేకుండ చేసి రెండుసార్లు ఓటేద్దామని ప్లాన్! "ప్రసాదరావుగారూ, వెనక అందరు ఎండల నిలవడ్డరు, చెయ్యి ఇటియ్యుండ్రి" అని గట్టిగ అన్న. ఆయన నిట్టూర్చి వేలు చాపిండు. అందరికన్న ఆయనకే ఇంకింత ఎక్కువ పెట్టిన.

ఆఖరికి నేను గూడ ఓటేసిన. నేను ఎన్నికల అధికారినని నాకు నేను మినహాయింపు ఇచ్చుకోలె. ఎడమచెయ్యి చూపుడువేలుకు నేనే పెట్టుకున్న. రూల్ అంటే రూల్.

సోమవారం వేలు దురద పెట్టింది. మంగళవారం పొద్దున లేచి చూస్తే రెండు వేళ్లు బెండకాయలంత అయినయి. మీద బొబ్బలు. నేను టైపు కొట్టేదే ఆ రెండు వేళ్లతోని, మీకు తెల్వంది గాదు. మంగళవారం సూపరిండెంటు సారు నాకు ఇచ్చిన లెటర్ల 'యువర్స్ ఫెయిత్‌ఫుల్లీ' కొట్టనీకి నాకు మధ్యాన్నం దాక పట్టింది.

అండాలుకు గూడ వేలు వాచింది. వేలును కొబ్బరినూనెల ముంచుకోని నా దిక్కు చూసింది. "నాకు ఒక్క వేలే గదా. నీకు రెండెందుకు?" అన్నది.

"ఒకటి టెస్టింగ్" అని, జరిగిందంత చెప్పిన. ఆమెకు చెప్పకుంటే ఇంకెవరికి చెప్తా?

"ఇప్పుడే పోయి టీచరమ్మకు చెప్పు."

"చెప్తా."

"ఇప్పుడే."

బుధవారం సాయంత్రం పోయిన. నిజంగ చెప్దామనే పోయిన. టీచరమ్మ వరండల ఈజీచైర్ల కూసోని ఉన్నది. ఎడమచెయ్యి తలకన్న పైకి ఎత్తి పెట్టుకున్నది, కింద పెడ్తే సలుపుతున్నదంట. దవాఖానకు పోతే డాక్టరు "ఏ ఫ్యాక్టరీల పనిచేస్తరమ్మా? పొద్దున్నుంచి ఇదే వేలు ఏడుగురికి చూసిన" అన్నడంట. అది చెప్పి, "నువ్వెందుకొచ్చినవ్ యాదగిరీ?" అని అడిగింది. చెప్దామని నోరు తెరిచిన. ఆమె కండ్లు చూసిన. "పట్టీ మంచిగ కట్టిన్రు టీచరమ్మా" అని వచ్చేసిన.

ఆ వారమంత క్యాంపస్ బస్‌స్టాప్ల మా సంఘపోళ్లను దూరం నుంచే గుర్తుపట్టొచ్చు. అందరికి ఎడమచెయ్యి చూపుడువేలుకు తెల్లపట్టీ. నాకే రెండు. నేను కుడిచెయ్యి జేబుల పెట్టుకోని తిరిగిన.

గురువారం ప్రసాదరావు మా ఇంటికి వచ్చిండు. అందరికన్న ఆయన వేలే ఎక్కువ వాచింది. చేతిల ఒక సీసా.

"కొబ్బరినూనెలో కొంచెం మందు కలిపానండీ. రోజుకు మూడుసార్లు రాసుకోండి. నేనారోజే చెబుదామనుకున్నాను గానీ, మీరు రూలన్నారు."

"రాసి ఇయ్యాల్సింది" అన్న. నాకే నా మాట మంచిగ అనిపియ్యలె.

"రాయడానికి వేలు ఒప్పుకోలేదండీ" అని నవ్విండు. లెఫ్ట్ హ్యాండుతోని రాస్తడంట ఆయన. నాకు ఆరోజుదాక తెల్వదు. సీసా తీసుకున్న. డబ్బల చీటీ సంగతి ఈయనకన్న చెప్పేద్దామా అనుకున్న. అనుకునే లోపట వెళ్లిపోయిండు.

ఇగ లెక్కపెట్టే ఆదివారం. అందరొచ్చిన్రు. పట్టీలేసుకోని, చెయ్యి పైకి పట్టుకోని వరుసగ కూసున్నరు. చూసేటోళ్లకు అందరు ఏదో డౌటు అడగనీకి వచ్చినట్టే ఉన్నది. సీలు చూపెట్టిన, ఎవ్వరు ముట్టలె. టీచరమ్మ ఒక తాళం తీసింది, ప్రసాదరావు ఒకటి తీసిండు. రూల్ ప్రకారం నేను చీటీలు చదవాలె, టీచరమ్మ పలక మీద గీతలు పెట్టాలె. చదివే ముందే టెస్టింగ్ చీటీ సంగతి చెప్పాలె అని గట్టిగ అనుకోని లేచిన.

మొదటి చీటీ విప్పితే 'ఫైలు ఆట' ఉన్నది. రెండోది గూడ 'ఫైలు ఆట'. ఇగ నాకు ఏం చెప్పాల్నో మతికి లేదు.

నిజం చెప్తున్న, కావాలని దాచిపెట్టలె. ఒక్కొక్క చీటీ విప్పుకుంట నా ఓట్లే మనసుల లెక్కపెట్టుకుంటున్న. రైలు ఆట, ఫైలు ఆట, గుండీల ఆట, రైలు, ఫైలు... ఆఖరు చీటీ విప్పినంక టీచరమ్మ పలక చూసి చదివింది. "గుండీల ఆటకు అయిదు. రైలు ఆటకు ఎనిమిది. ఫైలు ఆటకు తొమ్మిది."

ఒక్క ఓటుతోని గెలిసిన! అందరు చప్పట్లు కొట్టబోయి, వేళ్లు నొప్పి లేసి ఆపిన్రు. ప్రసాదరావు లేచొచ్చి "అభినందనలండీ" అన్నడు. నేను గొంతు సవరించుకున్న. రెండు మాటలు మాట్లాడుదామని. ఎన్నికలంటే గిట్లుండాలె అని షురూ జేసిన గూడ.

"ఆగు యాదగిరీ," అన్నది టీచరమ్మ. పలక మీద ఇంకా చూస్తనే ఉన్నది. "అయిదు, ఎనిమిది, తొమ్మిది. ఇరవై రెండు."

అందరు పలక దిక్కు తిరిగిన్రు.

"మనం ఇరవై ఒక్కమందిమి."

మల్ల లెక్కపెట్టింది. ఇరవై రెండే. జిందగీ అంత లెక్కలు చెప్పిన మనిషి, ఒక్కటి గూడ తప్పియ్యదు. గప్పుడు హమీద్ జేబుల నుంచి నేను టైపు కొట్టిచ్చిన కాయితం తీసిండు. మొత్తం సంఘంల ఆ రూల్స్ చదివింది ఆయనొక్కడే.

"యాదగిరి భాయ్, ఆరో రూల్ ఉన్నది గదా. వేళ్లు తనిఖీ."

"ఉన్నది" అన్న.

అందరు రెండు చేతులు ముందుకు చాపిన్రు. ఒక్కొక్కరికి ఒక్కొక్క పట్టీ. నేను ఎడమచెయ్యి చాపిన.

"రెండోది గూడ" అన్నది టీచరమ్మ.

కుడిచెయ్యి జేబుల నుంచి బయటికి తీయనీకి జర టైము పట్టింది. పట్టీ లావుగ ఉండె, జేబుల ఇరికింది. తీసి చాపిన. మొత్తం వరండల రెండు వేళ్లకు జీడి ఉన్న మనిషి నేనొక్కన్నే.

చెప్పిన. అంత చెప్పిన. అనుమానం, టెస్టింగ్, జారుడు, టప్‌మనుడు. చెప్తుంటే నాకే అబద్ధం లెక్క వినపడుతున్నది. అండాలు లేచి "నిజమే టీచరమ్మా, మంగళవారమే నాకు చెప్పిండు" అన్నది. పెండ్లాం గవాహీ ఎవరు నమ్ముతరు! గప్పుడు ప్రసాదరావు లేచిండు.

"యాదగిరిగారు రెండు ఓట్లు వేసే మనిషి కాదండీ. వేసుంటే రెండో వేలికి సిరా ఎందుకు పెట్టుకుంటారు? ఆ ఒక్క చీటీ తీసేయండి. ఇద్దరికీ ఎనిమిదేసి వస్తాయి. కప్పు ఆయనకే ఇవ్వండి, పోయినేడు నాకు వచ్చింది కదా."

ఆ మాటతోని నేను ఏడ్సుడు ఒక్కటే తక్కువ. పోయినేడు ఆ మనిషి మీద మూడు పేజీలు టైపు కొట్టిన నేను.

టీచరమ్మ మాత్రం కరగలె. "నీ చేతిరాత చీటీలు రెండున్నయి యాదగిరీ. రెండిట్ల 'ఫైలు'కు 'ఫ' కింద ఒత్తు ఒకే తీరుగ పెట్టినవ్. అండ్ల టెస్టింగ్‌ది ఏది, ఓటు ఏది? చెప్పు."

నాకు తెల్వలె. రెండు చీటీలకు నాలుగు మడతలే. రెండిటికి జీడి మచ్చ గూడ ఉన్నది.

"అయితే రెండు రద్దు. ఫైలు ఆటకు ఏడు, రైలు ఆటకు ఎనిమిది. కప్పు ప్రసాదరావుది" అని ఫైసలా చెప్పింది. "ఇంకొకటి. వచ్చే ఆదివారం లోపట నువ్వు అందరి ఇండ్లకు తిరిగి, వేళ్లకు నూనె ఇచ్చి, మాఫీ అడగాలె."

నూనె ప్రసాదరావే కలిపి ఇచ్చిండు. పెద్ద సీసా.

నిన్నటిదాక అదే పని చేసిన. హాస్టల్, విద్యానగర్, తార్నాక, గల్లీ గల్లీ తిరిగిన. నిజంగ చెప్పాల్నంటే ఎవ్వరు నన్ను ఏమనలె. కూసోమన్నరు, ఛాయ ఇచ్చిన్రు. నాకు గూడ మెల్లగ ధైర్యమొచ్చింది. పోనీ, కప్పు పోతే పోయింది. ఏడుగురికి నా ఆట నచ్చింది గదా! మూడు నుంచి ఏడు! సైకిల్ మీద పోవుకుంట అదే లెక్క వేసుకుంటున్న.

నిన్న ఆఖరు ఇల్లు బౌద్ధనగర్ల సుగుణక్కది. సుగుణక్క మొగడు రైల్వేల పనిజేస్తడు, ఇద్దరు మెంబర్లే. నూనె ఇచ్చిన, మాఫీ అడిగిన. ఛాయ తాగుకుంట అన్న, "అక్కా, నా రెండు చీటీలు పోయినా ఏడు నిజమైన ఓట్లు పడ్డయి. నాకు గదే చాలు."

సుగుణక్క మొగని దిక్కు చూసింది. ఆయన పేపరు మొకానికి అడ్డం పెట్టుకున్నడు.

"నీకు అబద్ధమెందుకు చెప్పాలె యాదగిరీ," అన్నది. "పోయినేడు ఓడిపోయినంక నువ్వు రెండు నెలలు వరండ మెట్లెక్కలె. పాపం అండాలు ఒక్కతే వచ్చి మూలకు కూసునేది. ఈసారి గూడ నీకు ముగ్గురే ఏస్తే మంచిగుండదని బస్‌స్టాప్ల అనుకున్నం."

"బస్‌స్టాప్లనా? రహస్య ఓటింగ్ గదక్కా!"

"రహస్యమే. నీకు చెప్పలె గదా."

"ఎవరెవరు అనుకున్నరు?"

ఎడమచెయ్యి చాపి ఒక్కొక్క వేలు ముడుసుకుంట లెక్కపెట్టింది. "నేను, మా ఆయన, టీచరమ్మ, హమీద్, ప్రసాదరావుగారి భార్య... ఇగ ప్రసాదరావుగారు. అసలు ఆయనే ముందుగాల అన్నడు." వేళ్లన్ని ముడుసుకున్నయి గని వాచిన వేలు ముడుసుకోలె. నా దిక్కే చూపెట్టుకుంట నిలవడ్డది.

"ఆరుగురే అయిన్రు గదక్కా. ఏడో మనిషి?"

"అది మాకెర్క లేదు. ఎవరో నిజంగనే నచ్చి ఏసిన్రేమో."

ఆ ఒక్క మాట పట్టుకోని తార్నాక దాక సైకిల్ తొక్కిన. బ్రేకు పట్టనీకి వేళ్లు లేకుండె, కాళ్లు నేలకు రాకుకుంట వచ్చిన. అయినా కుషీగనే ఉన్న. ఏడో మనిషి ఎవరో నాకెర్కే అనుకున్న. నేను ఆర్నెల్లు గడులు గీస్తుంటే పక్కన కూసోని దీపం వత్తి సరిజేసిన మనిషి ఎవరు? ఇంకెవరుంటరు!

ఇంట్లకు పోంగనే అడిగిన. "అండాలూ, ఆ ఏడో ఓటు నీదే గదా?"

అండాలు పప్పు కలుపుడు ఆపింది. దాచిపెట్టే మనిషి గాదు ఆమె.

"నేను రైలు ఆటకు ఏసిన" అన్నది.

"ప్రసాదరావు ఆటకా? నువ్వా? ఎందుకు?"

"పెండ్లైనకాంచి నన్ను ఒక్కపారన్న రైలెక్కిచ్చినవా నువ్వు? ఆ అట్ట మీద నేను మూడుసార్లు బెజవాడ పోయొచ్చిన. నీ ఆటల ఎంతసేపు ఆడినా పెద్దసారు లీవుల నుంచి రాలె."

కూసోని అన్నం తిన్న. ఆమెనే కలిపి పెట్టింది.

గందుకే మిమ్ముల అందరిని కూసోవెట్టి ఇంతసేపు చెప్పింది. వచ్చే శనివారం నాకు లీవు కావాలె. బెజవాడ పోతున్నం, నేను, అండాలు. మీలో ఎవరన్న పుణ్యాత్ములు జర నా లీవు లెటరు టైపు కొట్టి పెట్టుండ్రి.